మించరాదు

లిఫ్టు పక్కన అంటించిన కన్నడ కాగితాన్ని
మా బిల్డింగు తెలుగువాళ్ళకి చదివి చెప్పే పని నాది.
రామమూర్తినగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నా
అక్షరాలు కూడబలుక్కుని చదివేది నేనొక్కదాన్నే.

ఇంట్లో జరిగే శుభకార్యానికి
పదిమందికి మించరాదు.
అంతే. కింద ఒక సంతకం, అలుక్కుపోయిన ముద్ర.

గురువారం చూడామణి గృహప్రవేశం.
"పదిమంది అంటే పదేనా అక్కా?" అంది.
నవ్వొచ్చింది గానీ న్యాయమైన ప్రశ్నే.
మన భాషలో పది ఎప్పుడు అంకె అయింది గనక?
పదిమందీ మెచ్చాలి,
పదిమంది నోళ్ళలో నానకూడదు,
వాళ్ళ తలలు ఎవరైనా ఏనాడైనా లెక్కపెట్టారా?
ఇంకో సామెత కూడా నాలుక చివరిదాకా వచ్చింది.
పాలు పొంగించే ఇంటి మాటల్లో ఎందుకని మింగేశాను.

క్యాలెండర్లో అయిపోయిన నెల చింపి, వెనకవైపు
ఇద్దరం కూర్చుని లెక్క రాశాం.
పంతులుగారు ఒకటి. ఆయన వెంట వచ్చే కుర్రాడు?
"చిన్నవాడు, సగం వేసుకో."
చంకలో బిడ్డ మనిషే, కడుపులో బిడ్డ కాదు.
ఫోన్లో కనబడే మరిది లెక్కలోకి రాడు,
అందరికన్నా ఎక్కువ అరిచేది మాత్రం వాడే.
బాల్కనీ ఇల్లేనా? మెట్లు?
గడప అవతలే నిలబడి
ఇవతలికి చెయ్యి చాపి అక్షింతలు వేసేవాళ్ళు
ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా?
అరచేయంత కాగితం మీద ధర్మశాస్త్రం రాశాం ఆ పూట.
నా పేరు రెండుసార్లు కొట్టేసి
మూడోసారి రాసింది చూడామణి.

ఆవు సంగతి చివర్లో గుర్తొచ్చింది.
ఆవు మనిషి కాదు, సరే. దూడ అంతకన్నా కాదు.
మరి తోలుకొచ్చే మునెప్ప?
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
"ఆవుతోపాటే కదా" అని
ఆవు లెక్కలో కలిపేసింది.
నేను ఊరుకున్నాను.

గురువారం చీకటితోనే
వాచ్‌మన్ బసవలింగ గుమ్మం ముందు చెప్పుల జతలు ఎంచి
పుస్తకంలో పది అని రాసుకున్నాడు.
మునెప్పకి చెప్పులు లేవు.
ఆవు లిఫ్టులో పట్టదు,
మొదటి అంతస్తుకి మెట్ల మీదే
దాని చెవిలో ఏదో చెప్పుకుంటూ ఎక్కించాడు.
ఆవు లోపల, తాడు గడప మీద, అతను బయట.
పాలు పొంగాయి. చప్పట్లు కొట్టాం, ఫోన్లో మరిది కూడా.
పరమాన్నం దొన్నెలో పోసి గడప దాటిస్తే
మాస్కు కిందికి లాక్కుని
గోడవైపు తిరిగి తిన్నాడు.

మరుసటేడు ఇంకో కాగితం, మొదటిదాని మీదే అంటించారు.
ఐదుగురికి మించరాదు.
ఇది శుభకార్యాలకి కాదు.

కింది వాటాలో జాకెట్లు కుట్టే పంకజవల్లిగారు
ఆసుపత్రిలో మంచం దొరికేలోపే పోయారు.
ఈ కాగితం చదవమని ఎవరూ నన్ను అడగలేదు.
గడప ఇవతలా, అవతలా అన్న సందేహం
ఒక్కరికీ రాలేదు.
మించరాదన్నారు. మేం అందుకోలేకపోయాం.
పద్దెనిమిది తలుపులు కొట్టి వస్తే
నేను, బసవలింగ, వ్యాన్ తెచ్చిన కుర్రాడు.
అప్పుడు మింగిన సామెత
గొంతులోనే ఉంది.

నాలుగో చెయ్యి కోసం బసవలింగ వీధిలోకి పోయి
ఎవరినో పిలుచుకొచ్చాడు.
మాస్కు పైన కళ్ళని కాదు,
కింద పాదాలని చూసి పోల్చుకున్నాను.
ఆవిడ బరువేం కాదమ్మా అన్నాడు,
తల వైపు తనే పట్టుకుంటూ.

కాగితాలు రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి.
గోకితే గోడ సున్నం కూడా వస్తోంది,
అందుకని వదిలేశారు.
ఇప్పుడు ఎవరింట్లో ఎంతమందయినా కూడొచ్చు.
పిలిచిన చోటికల్లా వెళ్తాను,
గుమ్మం ముందు చెప్పులు లెక్కపెడతాను,
లెక్క కుదిరాక కూడా
మెట్లవైపు ఓసారి చూస్తాను.